కుడి జఠరికలో దోన్ అన్సెల్మో

గ్వాయకాన్ ఊరి బడిలో ఏడో తరగతి పిల్లలు ఇరవైముగ్గురు. అందరికీ కలిపి రెండు మూడొందల పాటలు నోటికొచ్చు. పాటలు రావడం ఒక గొప్పా? ఏ పాటలో ఎన్నో చరణం తర్వాత గాయకుడు ఎవరిని పేరు పెట్టి పలకరిస్తాడో కూడా తు.చ. తప్పకుండా చెప్పగలరు. ఆ ప్రాంతపు పాటల పద్ధతే అంత. అకార్డియన్ కాస్త ఊపిరి తీసుకునే చోటల్లా గాయకుడు ఎవరో ఒకరి పేరెత్తుకుని, "ఇదిగో, ఫలానా ఊరి ఫలానా దోన్ గారికి!" అని ఒక కేక వేస్తాడు. ఆ కేకలో పేరు పడ్డవాడికి ఆ రోజు నుంచి కాళ్ళు నేల మీద ఆనవు. పేరు పడనివాడు ఆ గాయకుడి పెళ్ళికీ పోడు, చావుకీ పోడు.

అలాంటి పిల్లలు, గుండెలోకి వచ్చిన నెత్తురు ఎటు పోతుందని అడిగితే మాత్రం ఇంటికప్పు కేసి చూస్తారు.

దెల్ఫా ఒన్యాతే ఆ బడిలో తొమ్మిదేళ్ళుగా సైన్సు టీచరు. తొమ్మిదేళ్ళయినా ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. కిందటేడు సర్కారు పెట్టిన పరీక్షలో ఆమె పిల్లలు ముగ్గురంటే ముగ్గురు గట్టెక్కారు. ఆ ముగ్గురిలోనూ ఒకడు పక్కవాడి దాంట్లో చూసి రాశాడు. చూసినవాడు గట్టెక్కి, చూపించినవాడు తప్పాడు. అదెలా సాధ్యమో దెల్ఫాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఈ ఏడు ఉత్తరం ముందే వచ్చింది. పరీక్ష గుండె మీద, రక్త ప్రసరణ మీద. కాగితాల మీద కాదు, బీరువాలో దుమ్ము కొట్టుకుపోతున్న ఆరు టాబ్లెట్ కంప్యూటర్ల మీద. సగం మంది కన్నా తక్కువ గట్టెక్కితే టీచరును సియెర్రా కొండల మీది బడికి మారుస్తారు. ఆ బడికి కంచరగాడిద మీద ఆరు గంటల దారి. దెల్ఫాకు కంచరగాడిదలంటే భయం. అంతకన్నా పెద్ద భయం, తాను పోతే సైన్సు క్లాసు మతబోధ మాస్టారి చేతిలో పడుతుందని. ఆయన లెక్కలో గుండె అంటే పాపాలు దాచుకునే చోటు.

అందుకని గోడకు పెద్ద పటం తగిలించింది. ఎర్ర రంగు, నీలం రంగు, బాణం గుర్తులు. చెప్పిందే చెప్పి గొంతు బొంగురు పోయింది. మూడో బెంచీలో యులిబెత్ అనే పిల్ల పెదవులు కదుపుతూ, బెంచీ మీద వేళ్ళతో తాళం వేస్తోంది.

"యులిబెత్! కుడి కర్ణికలోంచి నెత్తురు ఎటు పోతుంది?"

"తెలీదు సెన్యో." ఆ ఊళ్ళో టీచరమ్మను పిన్నా పెద్దా పిలిచేది అలాగే.

"తెలీదా! మరి నువ్వు లోపల్లోపల పాడుతున్న ఆ పాటలో రెండో చరణం అయ్యాక ఎవర్ని పలకరిస్తాడు?"

యులిబెత్ ఠక్కున లేచి నిలబడింది. ముగ్గురి పేర్లు, వాళ్ళ ఊళ్ళు, వాళ్ళలో ఒకాయన మేనత్త పేరు, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వెనక బెంచీలోంచి నలుగురు ఒకేసారి, "నాలుగో ఆయన్ని వదిలేశావే తింగరిదానా!" అని అరిచారు.

దెల్ఫా సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆ పూట ఇంక పాఠం చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే దోన్ అన్సెల్మో కిరాణా కొట్టుకు వెళ్ళింది. ఆయన కొట్టులో బియ్యం, సబ్బులు, మేకులు ఉంటాయి. వాటి వెనక బట్టల బీరువా అంత స్పీకరు ఉంటుంది. శనివారం సాయంత్రం అది మొదలయిందంటే మూడు వీధుల అవతల వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. అరవై ఏళ్ళ మనిషి. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడతతో, మాట ఎప్పుడూ గుమ్మం దాటేంత గట్టిగా ఉంటాయి.

"స్పీకరా? బడికా? తీసుకుపోండి సెన్యో, తీసుకుపోండి. పిల్లల చదువు కన్నా నాకేం ఎక్కువ? అయితే ఒకటి. ఎప్పుడైనా బడి పేరుమీద ఓ పాటా గీటా కడితే ఈ అన్సెల్మోని మర్చిపోకండి."

పాట గురించి దెల్ఫా ఇంకా ఎవరితోనూ అనలేదు. ఆ ఊళ్ళో స్పీకరు అడిగితే వెనకే పాట ఉంటుందని పసిపిల్లాడైనా ఊహిస్తాడు.

ఆరోగ్య కేంద్రంలో నర్సు గ్రసియెలాను అడిగి స్టెతస్కోపు తెచ్చింది. దాని గొట్టంలోకి ఫోనుకు తగిలించే చిన్న మైకు దూర్చి, టేపు చుట్టి, ఫోనును స్పీకరుకు కలిపింది. యులిబెత్‌ను ముందుకు పిలిచి ఛాతీ మీద పెట్టుకోమంది. ముందు చొక్కా గరగర. తర్వాత ఎవరో తుమ్మిన చప్పుడు, అది కూడా ఉరుములా. ఆ తర్వాత వచ్చింది. లబ్-డబ్. లబ్-డబ్.

కిటికీ రెక్కలు అదిరాయి. పది నిమిషాలు తిరక్కుండానే బడి గేటు దగ్గర గలాటా మొదలైంది.

"ఎవడువాడు? ఎవడా కాహా వాయించేది? నాకు తెలీకుండా ఈ ఊళ్ళోకి కొత్త వాద్యగాడు ఎవడొచ్చాడు?"

ఆ వచ్చినవాడు మాయెస్త్రో ఓవిదియో. ఊరికంతటికీ పేరున్న అకార్డియన్ మనిషి. కాహా అంటే తొడల మధ్య ఇరికించుకుని వాయించే చిన్న డోలు. దాని మీద ఎవడు చెయ్యి వేసినా ముందు తన అనుమతి తీసుకోవాలని ఆయన నమ్మకం. గేటు దగ్గర కాపలా ఉండే దోన్యా నికొలాసా ఆయన్ని అరగంట ఆపింది. ఆలస్యంగా వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వడం ఆమె రక్తంలో లేదు. చివరికి దెల్ఫాయే వెళ్ళి తీసుకొచ్చింది.

"ఇదిగో మీ కొత్త వాద్యగాడు," అని యులిబెత్ ఛాతీ చూపించింది.

ఓవిదియో తల పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. "సోన్," అన్నాడు చివరికి. సోన్ అంటే వాళ్ళ నాలుగు వరసల్లోకీ నిదానమైనది. "మంచి సోన్. తొందర లేదు."

దెల్ఫా యులిబెత్‌ను మైదానం చుట్టూ రెండుసార్లు పరుగెత్తించి తెచ్చింది. మళ్ళీ మైకు పెట్టింది. ఓవిదియో ఎగిరి గంతేశాడు.

"పూయా! ఓరి నాయనో, ఇది పూయా! ఈ వేగం పట్టడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, ఈ పిల్ల ఊరికే పరుగెత్తి వాయించేస్తోంది!"

పిల్లలు వరసలో నిలబడ్డారు. ప్రతివాడికీ తన గుండె ఏ వరసలో వాయిస్తోందో మాయెస్త్రో చేత చెప్పించుకోవాలి. ఒకడికి సోన్ అన్నాడని ఏడ్చాడు, వాడికి పూయా కావాలట. పరుగెత్తితే గుండె ఎందుకు తొందరపడుతుందో ఆ రోజు ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. పోయేటప్పుడు ఓవిదియో టోపీ తీసి, "సెన్యో, దీనికి పాట కట్టకపోతే నేను అకార్డియన్ అమ్మేసుకుంటాను," అన్నాడు.

పాట కట్టడం మొదలయ్యాక తెలిసింది అసలు తంటా. దెల్ఫా రాసుకొచ్చిన మాటలు ఓవిదియో తన పెరట్లో మామిడిచెట్టు కింద కూర్చుని చదివాడు. చదివి, చేపముల్లు తగిలినట్టు మొహం పెట్టాడు.

"జఠరిక! ఇదేం మాట సెన్యో? విరేచనాల మందులా ఉంది."

"గుండెలో కింది గది, మాయెస్త్రో. పేరే అది."

"ఉండనివ్వండి దాని పేరు దానికి. నా పాటలోకి రాదది. కర్ణిక, జఠరిక, కవాటం... ఇవి నోట్లో పెట్టుకుని ఎవడైనా గొంతెత్తగలడా? అయినా పలకరింపులెక్కడ? పలకరింపు లేని పాట ఉప్పు లేని యూకా దుంప. ఆ పేరు రావాల్సిన చోట అకార్డియన్ ఆగుతుంది, నేను ఒక పెద్దమనిషిని పిలుస్తాను. పిల్లలకి దారి తెలుస్తుంది. పేర్లు మీరు బోర్డు మీద రాసుకోండి."

దెల్ఫా కాదనాల్సింది. అనలేదు. ఒకటి, పాట బాగుంది. రెండు, తను రాసిన మాటలకు ఊళ్ళో ఇంత పెద్ద కళాకారుడు బాణీ కడుతున్నాడంటే ఆమెకూ కాస్త తల తిరిగింది. బోర్డు మీద రాస్తాను కదా అని సర్దిచెప్పుకుంది. బోర్డు ఎవడు చూస్తాడో తొమ్మిదేళ్ళ అనుభవంలో తెలిసి కూడా సర్దిచెప్పుకుంది.

అలా ఒక్కొక్కరే గుండెలోకి దిగారు. కుడి కర్ణికలో, స్టెతస్కోపు ఇచ్చినందుకు నర్సు గ్రసియెలా. అక్కణ్ణుంచి కిందికి దిగే తలుపు, అంటే కవాటం, దోన్యా నికొలాసా. లోపలికి పోయినదాన్ని వెనక్కి రానివ్వదు గనక. కింద కుడి జఠరికలో దోన్ అన్సెల్మో. ఊపిరితిత్తులు హెడ్మాస్టరు దోన్ రెగులో. పొద్దున్నే ప్రార్థనలో ఆయన అరుపు ఊరవతలికి వినిపిస్తుంది. ఎడమ కర్ణికలో ఓవిదియో భార్య. ఆవిడ లేకపోతే ఇంట్లో అన్నం ఉండదు. ఎడమ జఠరికలో వెన్సెస్లావో, ఊరికీ వయ్యెదుపార్ పట్నానికీ మధ్య జీపు నడిపేవాడు. ఒళ్ళంతా నెత్తురు పంపేవాడిగా ఊరందరినీ మోసేవాడు తప్ప ఇంకెవడు దొరుకుతాడు?

*ఒళ్ళంతా తిరిగొచ్చి అలిసిన నెత్తురా,*
*కుడి పక్క గదిలోన కూర్చోని పోదురా,*
*తలుపు తీసే తల్లి తొందర పెడతాదిరా,*
*కిందికి దిగితే ఎవరు, కాసుకున్నారు?*

ఇక్కడ అకార్డియన్ ఆగుతుంది. ఓవిదియో గొంతు చించుకుంటాడు: "దోన్ అన్సెల్మో! గ్వాయకాన్‌లో ఇంత పెద్ద మనసు ఇంకోటి లేదు!"

ఫోనులోనే రికార్డు చేశారు. యులిబెత్ గ్వాచరాకా గీకింది. అది గాట్లు కోసిన కర్ర, ముళ్ళ గరిటెతో గీకితే పలుకుతుంది. వెన్సెస్లావో జీపులో పెట్టి వాయించాడు, జీపు ఎక్కినవాళ్ళు ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. వారం తిరిగేసరికి మాంసం కొట్టువాడు నెత్తురు కడుగుతూ అదే పాడాడు. అరేపాలు, అంటే నూనెలో వేయించిన మొక్కజొన్న రొట్టెలు, అమ్మే ఆవిడ, "కుడి పక్క కూర్చోండి," అని గిరాకీలను బల్ల మీద కూర్చోబెట్టింది.

అప్పుడొచ్చాడు దోన్ అన్సెల్మో, స్టాఫు గదిలోకి, చెమటలు కక్కుతూ.

"సెన్యో దెల్ఫా, నిజం చెప్పండి. నా దగ్గరికొచ్చేది మురికి నెత్తురా?"

"మురికి కాదు దోన్ అన్సెల్మో. వాడేసిన నెత్తురు, అంతే. ఆక్సిజన్ తక్కువ."

"వాడేసింది! నాకు వాడేసింది, ఆ వెన్సెస్లావోకి కొత్తదా? అంతేనా అంటే అంతే కాదు. ఆరోగ్య కేంద్రానికెళ్ళి అడిగాను. వాడి గది గోడ నా గది గోడ కంటే మూడింతలు మందమట! నేను స్పీకరు ఇచ్చాను. వాడేమిచ్చాడు? డీజిలు పొగ!"

దెల్ఫాకు నవ్వొచ్చింది, కానీ ఆపుకుంది. "ఆయన దూరం పంపాలి కాబట్టి మందం. కానీ ఒక్క మాట వినండి. మీరు ఊపిరితిత్తులకి పంపకపోతే ఆయనకి చుక్క కూడా అందదు. ఆయన బతుకంతా మీ చేతిలో ఉంది."

దోన్ అన్సెల్మో నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు. "చుక్క కూడానా?"

"చుక్క కూడా."

ఆ సాయంత్రమే జీపు కొట్టు ముందు ఆగితే ఊరంతా వినేలా, "ఒరే వెన్సెస్లావో, నేను తలుచుకోకపోతే నీకు చుక్క అందదురా!" అన్నాడు. వెన్సెస్లావో గోడ గురించి ఏదో జవాబిచ్చాడు. ఇద్దరి మాటా నిజమే. ఆ ఊళ్ళో ఇద్దరు మగవాళ్ళు సైన్సు మీద పోట్లాడుకోవడం అదే మొదలు.

పరీక్ష సోమవారం పడింది. వయ్యెదుపార్ నుంచి దొక్తోరా ఆర్గెమీరా అనే అధికారిణి వచ్చింది. సన్నటి మనిషి, జేబులో రెండు కలాలు. ఆరుగురు చొప్పున పిల్లలు టాబ్లెట్ల ముందు కూర్చున్నారు, చివరి విడతలో అయిదుగురు. కిటికీ అవతల పాటలో ఉన్నవాళ్ళంతా ఉతికిన బట్టలేసుకుని నిలబడ్డారు. తమ పేర్లు సర్కారు పరీక్షలోకి ఎక్కుతున్నాయని ఎవరు పుట్టించారో గానీ, ఎవరూ కాదనలేదు. పిల్లలు లోపలికి భయంగా పోయి బయటికి నవ్వుతూ వచ్చారు. దెల్ఫాకు తొమ్మిదేళ్ళలో మొదటిసారి గుండెల నిండా ఊపిరి ఆడింది.

మార్కులు మిషనే వేస్తుంది. దొక్తోరా తెర చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"సెన్యోరా ఒన్యాతే, ఇరవైముగ్గురిలో ఒక్కరు కూడా గట్టెక్కలేదు."

"ఏంటి?"

"మొదటి ప్రశ్న. కుడి కర్ణిక నుంచి రక్తం ఎక్కడికి పోవును? ఇరవైముగ్గురూ ఒకటే రాశారు." ఆమె గొంతు సవరించుకుంది. "ఈ దోన్ అన్సెల్మో అనేది ఏ అవయవం?"

"మా ఊళ్ళో కిరాణా కొట్టు, దొక్తోరా," అంది దెల్ఫా.

కిటికీ బయట దోన్ అన్సెల్మో చొక్కా సర్దుకున్నాడు. సర్కారు నోట తన పేరు విన్నాడు, పాపం. ఏ సందర్భంలోనో ఇంకా తెలియలేదు.

దెల్ఫా ఉన్నదున్నట్టు చెప్పింది. పాట, అకార్డియన్ ఆగే చోటు, తన బలహీనత, అన్నీ. దొక్తోరా చెయ్యెత్తి ఆపింది. "నేనూ ఈ నేల మీద పుట్టినదాన్నే. పలకరింపు సంగతి నాకు చెప్పకండి. కానీ ఈ మిషను ఇక్కడ పుట్టలేదు. దానికి దోన్ అన్సెల్మో ఎవరో తెలీదు." అని, ముందు బెంచీలోకి వచ్చి కూర్చున్న యులిబెత్ వైపు తిరిగింది. "ఏమ్మా, చిలక పలుకులేనా, ఏమైనా అర్థమైందా? పాటలో లేనిది అడుగుతాను. దోన్యా నికొలాసా కునుకు తీసిందనుకో. ఏమవుతుంది?"

కిటికీలోంచి దోన్యా నికొలాసా, "నేనా? కునుకా? ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు..." అనబోతే హెడ్మాస్టరు ఆమె నోరు మూయించాడు.

యులిబెత్ గోళ్ళు కొరుక్కుంది. తొమ్మిది నెలల్లో ఆ పిల్ల సైన్సు క్లాసులో తెలీదు తప్ప ఇంకో మాట అన్న పాపాన పోలేదు.

"తలుపు సరిగ్గా పడదు," అంది మెల్లగా. "దోన్ అన్సెల్మో పైకి పంపుదామని నొక్కితే కొంచెం వెనక్కే పోద్ది. సెన్యోరా గ్రసియెలా గది నిండిపోద్ది. అప్పుడు ఒళ్ళంతా తిరిగొచ్చేదానికి దిగడానికి చోటుండదు కదా. బయటే ఆగిపోద్ది. కాళ్ళు వాస్తాయి. మా నాయనమ్మకి వాచినట్టు." ఆగింది. "దోన్ అన్సెల్మో రెట్టింపు పని చేసి చేసి పెద్దగా ఉబ్బిపోతాడు. తర్వాత చేతకాదు ఆయనకి."

బయట దోన్ అన్సెల్మో దోన్యా నికొలాసా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నీకు దణ్ణం పెడతా, నిద్రపోకే," అన్నాడు.

దొక్తోరా కలం మూత పెట్టింది. "ఈ పిల్లకి తెలుసు. కానీ తెలిసినదానికి నేను ముద్ర వేయలేను, రాసినదానికే వేయగలను. పల్లెల్లో సిగ్నలు పోతుందని రూల్లో రెండో ప్రయత్నం ఇచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలకి. ఆ తర్వాత నా చేతుల్లో ఏం లేదు."

అప్పటికి పదిన్నర. దెల్ఫా బోర్డు నిండా పేర్లు రాసింది. పిల్లల చేత యాభైసార్లు అనిపించింది. బోర్డు తుడిచి అడిగితే ఇరవైముగ్గురూ కలిసి, "దోన్ అన్..." అని, నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. ఒకడు ఏడుపు మొహంతో, "అదే వచ్చేస్తాంది సెన్యో, నేనేం చెయ్యను?" అన్నాడు.

పాటతో దిగిన ముల్లు పాటతోనే తియ్యాలి. దెల్ఫా ఓవిదియో కాళ్ళ మీద పడ్డంత పని చేసింది. అసలు పేర్లు పెట్టి పాడమంది. ఆయన కదల్లేదు.

"జఠరిక అనమంటే అంటాను. నా సిగ్గు చంపుకుని అంటాను. కానీ ఇచ్చిన పలకరింపు వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. చెంప మీద కొట్టినా ఒప్పుకుంటారు గానీ పాటలోంచి పేరు తీస్తే ఒప్పుకోరు. వాళ్ళంతట వాళ్ళు, వాళ్ళ నోటితో వెనక్కి ఇవ్వాలి."

నర్సు ఇచ్చింది. ఓవిదియో భార్య, "మీ పాటలో ఉంటే నాకేమన్నా చాకిరీ తగ్గిందా," అని ఇచ్చింది. దోన్యా నికొలాసా, "నా గేటు నాకుంది," అంది. హెడ్మాస్టరు రెండుసార్లు దగ్గి ఇచ్చాడు. వెన్సెస్లావో జీపుకు ఆనుకుని, "అన్సెల్మో ఇస్తే నేనూ ఇస్తా. ఆయన పాటలో ఉండి నేను బయటుంటే, జన్మలో ఆ వీధిలో జీపు తిప్పలేను," అన్నాడు.

దోన్ అన్సెల్మో కొట్టుకు వెళ్ళిపోయాడు. దెల్ఫా వెనకే వెళ్ళింది. ఆయన సబ్బులు సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

"మా నాన్న పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు సెన్యో," అన్నాడు తిరిగి చూడకుండా. ఆ గొంతు గుమ్మం దాటలేదు. "నా పేరు వయ్యెదుపార్ బస్టాండులో వినపడుతోంది. మొన్న మా చెల్లెలు ఫోను చేసి ఏడ్చింది. ఇంకో పాటలో ఇంకెవడు పిలుస్తాడు నన్ను?"

దెల్ఫా దారిలో చాలా మాటలు కూడబలుక్కుంది. విద్య, ఊరి భవిష్యత్తు, అలాంటివి. ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు ఇక్కణ్ణుంచి పోవాలని లేదు దోన్ అన్సెల్మో," అంది. "అంతే. తప్పు నాది, మీది కాదు. ఆ పిల్ల ఇందాక మాట్లాడింది విన్నారుగా. ఇంకో ఏడాదుంటే ఇంకేం మాట్లాడుతుందో వినాలని ఉంది నాకు."

ఏడ్వకూడదనుకుంది, ఏడ్చింది. సబ్బుల మధ్య నిలబడి కొంగు లేని మనిషి మోచేత్తో మొహం తుడుచుకుంది. దోన్ అన్సెల్మో పాత గుడ్డ ఒకటి అందించాడు. దానికి కిరసనాయిలు వాసన.

"ఏమన్నారు దాని పేరు?"

"కుడి జఠరిక."

"మళ్ళీ చెప్పండి."

"కుడి జఠరిక."

"జఠరిక," అన్నాడు. "జఠ... రిక." కొత్త చెప్పులో కాలు పెట్టి చూసుకున్నట్టు నాలుగైదుసార్లు అని చూశాడు. తర్వాత కొట్టు తలుపు మూసేశాడు. సోమవారం పట్టపగలు ఆ కొట్టు మూయడం ఊళ్ళో ఎవరూ ఎరగరు. శనివారం పాటల కోసం కొట్టుకు తిరిగొచ్చిన స్పీకరు బరువు ఒక్కడి వల్ల కాదు, జీపు కావాలి. ఆ స్పీకరును ఒక పక్క అన్సెల్మో, ఇంకో పక్క వెన్సెస్లావో పట్టుకుని, ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ బడి మైదానంలో దించారు.

ఓవిదియో అకార్డియన్ ఎత్తాడు. *కిందికి దిగితే ఎవరు, కాసుకున్నారు?* వాయిద్యం ఆగింది. దోన్ అన్సెల్మో మైకు లాక్కున్నాడు.

"అన్సెల్మో కాదర్రా! అన్సెల్మో పోయాడు! నేను కుడి జఠరికని! కుడీ జఠరికా! విన్నారా? రాసుకోండి! ఊపిరితిత్తులకి పంపేది నేనే!"

మైదానం దద్దరిల్లింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమ పేరు వదులుకుని అవయవం పేరు కేకేశారు. దోన్యా నికొలాసా, "మూడు రెక్కల కవాటం! వెనక్కొస్తే కాళ్ళు విరగ్గొడతా!" అంది. వెన్సెస్లావో ఎడమ జఠరికనని చెప్పి, గోడ మందమని కూడా కలిపాడు. పదకొండుసార్లు పాడారు. పదకొండోసారికి అన్సెల్మో గొంతు పూర్తిగా పోయి పెదవులే ఆడాయి. ఆ ఖాళీలో ఇరవైముగ్గురు పిల్లలే అరిచారు: "కుడి జఠరిక!"

రెండు గంటలకు లోపలికి పోయారు. నాలుగుకు దొక్తోరా బయటికొచ్చి, "పదిహేడు," అంది. "ఇద్దరు జఠరికను తప్పు రాశారు, ఒకడు నిద్రపోయాడు. మిగతా ముగ్గురి సంగతి నాకు తెలీదు." దెల్ఫా మెట్ల మీద కూర్చుండిపోయింది. పిల్లలు మీద పడి ఊపిరాడనివ్వలేదు. ఆమెకు అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ మాట మొగుడితో అనలేదనుకోండి.

గ్వాయకాన్‌లో ఒకసారి మారుపేరు పడిందంటే కాటిదాకా వస్తుంది. దోన్ అన్సెల్మో ఆ సాయంత్రం నుంచే దోన్ జఠరిక అయిపోయాడు. రెండో రోజుకు సరుకుల లారీవాడు అలాగే పిలిచాడు. మూడో రోజుకు సొంత పెళ్ళాం పిలిచింది. దెల్ఫాకు మనసు చివుక్కుమని శుక్రవారం కొట్టుకు వెళ్ళింది. గిరాకీలు అరడజను మంది ఉన్నారు.

"దోన్ అన్సెల్మో, నా వల్ల మీకు..."

ఆయన ఆమెను పక్కకు పిలిచాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. చుట్టూ చూసి, సిగ్గుపడుతూ అడిగాడు.

"సెన్యో, ఒక్క సంగతి. అది నిజంగానే ఆగదా? రాత్రిళ్ళు కూడా?"

"ఆగదు."

"నేను పడుకున్నప్పుడు కూడానా? నాకు తెలీకుండా?"

"మీకు తెలీకుండానే. మీరు పుట్టకముందు, మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ."

ఆయన అరచెయ్యి చొక్కా మీద, జేబు పక్కన పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. బియ్యం సంచి పట్టుకుని నిలబడ్డ ఆవిడ విసుక్కుంది.

"దోన్ జఠరికా! ఎంతసేపయ్యా? నా బియ్యం తూస్తావా లేదా?"

"ఉండమ్మా," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "వింటున్నాను."